వంద వాట్ల ఫోకస్ లైటు ఉన్నా మెట్టు కనపడని ఇల్లు: పాలమూరు దిక్కు ఒక కేస్

నేను ఇండ్ల వైరింగు, లైటింగు పనులు చేస్తా, మహబూబ్‌నగర్, జడ్చర్ల, నారాయణపేట చుట్టుపక్కల. బయటి లైట్ల గురించి ఎవరడిగినా మొదటి మాట "ఎన్ని వాట్లు పెట్టాలె" అనే. ఈ ఇంట్ల వాట్లకు కొదువ లేదు, అయినా పురుగులు, పాము, పక్క చేనోళ్లతోని పంచాయితీ, ముసలవ్వ మెట్టు తప్పుడు, అన్నీ ఒకేసారి మీద పడ్డయి. ఒక్కోదానికి ఒక్కో మందు వేసుకుంట పోయినం, కొన్ని పనిచేసినయి కొన్ని చేయలేదు. ఊరు పేరు, ఇంటోళ్ల పేర్లు చెప్పను, గుర్తుపట్టేటట్టు ఉన్న చిన్నచిన్న వివరాలు మార్చిన.

ఇల్లు, ఇంటోళ్లు

రిటైర్డ్ టీచర్ సార్, మేడం, సార్ వాళ్ల అమ్మ. అవ్వకు డెబ్బై ఐదు దాటినయి, రెండు కండ్లకు శుక్లాల ఆపరేషన్ అయింది. సార్ వాళ్ల కొడుకు హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్. ఊరి చివర్ల ఐదారు వందల గజాల జాగల కొత్త ఇల్లు, చుట్టూ ఐదు ఫీట్ల కాంపౌండు, ముందట రోడ్డు, వెనక గోడ అవతల వేరేటోళ్ల కంది చేను. ఇంట్ల అటాచ్డ్ బాత్రూములు ఉన్నయి గానీ అవ్వకు అలవాటు లేదు, రాత్రి రెండుసార్లన్నా లేసి వెనక తలుపు తీసి మూడు మెట్లు దిగి, నాపరాళ్ల బాట మీద పోయి బయటి బాత్రూముకే పోతది. ఎంత చెప్పినా వినదు. ఇసొంటి ఇండ్లు నేను చాలా చూసిన, "లోపల బాత్రూముకు పొమ్మనండి" అన్నది లైటింగు సలహా కాదు, మనిషి ఎటు నడుస్తదో అటే లైటు పోవాలె.

ఇల్లు కట్టినప్పుడు పెట్టిన లైట్లు ఇవి: ముందు పిట్టగోడ మీద రెండు యాభై వాట్ల ఫోకస్ లైట్లు, వెనక పిట్టగోడ మీద ఒకటి వంద వాట్లది, గేటు పిల్లర్ల మీద గాజు బుగ్గల లోపల పన్నెండు వాట్ల బల్బులు రెండు, ఎలివేషన్ చుట్టు స్ట్రిప్ లైటు. అన్నీ కూల్ డేలైట్, అంటే 6500 కెల్విన్ (కెల్విన్ అంటే వెలుగు రంగు లెక్క, అంకె పెరిగితే తెలుపు, నీలం వైపు, తగ్గితే పసుపు వైపు). సందె వేళ వేస్తే తెల్లారినంక ఆఫ్ చేసుడు. స్ట్రిప్‌తోని కలిపి మూడు వందల వాట్లకు దగ్గర, పన్నెండు గంటలు వెలిగితే రోజుకు మూడున్నర యూనిట్లు, నెలకు వంద యూనిట్లు ఉత్త బయటి లైట్లకే.

నన్ను పిలిచింది ఎందుకంటే

మిరుగంల తొలకరి పడ్డ రెండు మూడు రోజులకు సార్ ఫోన్ చేసిండు. "తమ్మీ, వెనక ఇంకొక వంద వాట్లది పెట్టాలె, నిన్న రాత్రి నాగుపాము వరండాల పన్నది" అన్నడు. చీకటి ఉంటే పాము వస్తది, వెలుగు ఉంటే రాదు అని ఆయన లెక్క, చాలామంది లెక్క అదే.

పగలు పోయి చూస్తే ఏం తెల్వదు, అందుకని లైట్ల పని ఎవరిదైనా ముందు రాత్రే పోతా. పోయేసరికి వరండా అంతా ఉసిళ్ల రెక్కలు, మేడం చీపురుతోని కుప్పలు చేస్తున్నది. గోడ మీద బల్లులు వరుసగా, ఫోకస్ లైటు కింద నేల మీద కప్పలు కూసొని కిందపడ్డ ఉసిళ్లను ఒక్కొక్కటే నాలుకతోని అందుకుంటున్నయి. సార్‌కు అదే చూపించిన. వెలుగుకు పురుగు, పురుగుకు కప్ప, కప్పకు పాము. ఇంకో వంద వాట్లు పెడితే ఇంకొన్ని కప్పలకు అన్నం పెట్టినట్టు. పాముకు లైటు ఒక్కటే కారణమని నేను అనను, వరండా మూలకు జొన్న బస్తాలు ఉండె, వాటికి ఎలుకలు ఉండె, వెనక గోడకు ఆనించి సెంట్రింగు కట్టెలు ఉండె, అవన్నీ తీయమనే చెప్పిన. కానీ తలుపు ముందర కప్పల సంత పెట్టుకొని పాము రావద్దంటే ఎట్ల.

అవ్వ సంగతి మేడం చెప్పింది, పోయిన నెలల వెనక మెట్ల మీద రెండుసార్లు తూలిందట, ఒకసారి గోడ పట్టుకోకుంటే పడేదే. "ఇంత లైటు ఉంటే కూడా కనపడదంటది, కండ్లు మళ్ల చూపించాలె" అని మేడం అనుమానం. మూడో ముచ్చట చివర్ల, జర ఇబ్బంది పడుకుంటనే చెప్పిండు సార్. వెనక చేను రైతుకు ఈయనకు మాటలు లేవు. పోయిన ఏడు కందిల గోడ పక్క చాళ్లు ఏపుగా పెరిగినయి గానీ కాయ పట్టలేదట. మీ సెప్టిక్ ట్యాంకు నీళ్లు నా చేన్ల ఊరుతున్నయి, అందుకే ఆకు ఎక్కువైంది అని రైతు, మా ట్యాంకుకు చెమ్మ కూడా లేదు అని సార్. పెద్ద మనుషుల దాకా పోయిందట. అది నాకు సంబంధం లేని ముచ్చట అనుకొనే విన్న అప్పుడు.

మీటరు పట్టి చూస్తే

నా దగ్గర చిన్న లక్స్ మీటరు ఒకటి ఉంటది, ఒక జాగల ఎంత వెలుగు పడుతున్నదో లక్స్‌ల చూపిస్తది. వెనక మెట్ల మీద పెడితే ఒక లక్స్ కూడా రాలేదు. అదే మీటరు పట్టుకొని గోడ ఎక్కి చేను వైపు చాపితే ఇరవై చూపిస్తున్నది. పున్నమి వెన్నెల భూమ్మీద మహా అయితే పావు లక్స్ అటు ఇటు, అంటే రైతు చేనుకు రోజూ పున్నమికి దాదాపు ఎనభై రెట్లు, ఇంటి ముసలవ్వకు అమాస.

కారణం పెద్ద విద్య ఏం కాదు. లైటు పిట్టగోడ మీద ఇరవై ఫీట్ల ఎత్తున బయటికి చూస్తున్నది, మెట్లు సజ్జ కింద ఉన్నయి. సజ్జ నీడ సరిగ్గా మెట్ల మీదనే. పైగా మెట్లు దిగంగనే సజ్జ అంచు దాటి పైకి కన్ను పడితే తెల్లటి మంట, ఆ మంట చూసిన కన్ను మళ్ల నీడల ఉన్న మెట్టును చూడలేదు. వయసు మీద పడ్డ కన్ను వెలుగు నుంచి చీకటికి సర్దుకునేందుకు చాలా సేపు పడతది, పడుసు పిల్లల కన్నుకే పూర్తిగా సర్దుకోవాల్నంటే ఇరవై నిమిషాల పైనే. అవ్వ కండ్లు బాగనే ఉన్నయి.

గేటు దగ్గర కూడా ఇదే కథ. సార్‌ను గేటు లోపల నిలబెట్టి, నా హెల్పర్‌ను రోడ్డు మీద పిల్లర్ లైటు వెనక నిలబడమన్న. "ఎవరన్నా కనపడుతున్నరా సార్" అంటే "ఎవరు లేరు" అన్నడు. హెల్పర్ ఆరేడు ఫీట్ల దూరంలనే ఉన్నడు. కంటి ఎత్తుల గాజు బుగ్గ పెడితే మనకు కనపడేది ఆ బుగ్గనే, దాని వెనక మనిషి కాదు. దొంగకు అంతకంటే మంచి జాగ ఏముంటది. సార్ ఆ రాత్రి నుంచి ఇంకో లైటు మాట ఎత్తలేదు.

తర్వాత అన్నీ ఆఫ్ చేసి అందరం పావుగంట సేపు వరండాల కూసున్నం. ఇది నేను ప్రతి ఇంట్ల చేయిస్తా. చీకట్ల కూసుంటే ఎక్కడ నిజంగ లైటు కావాల్నో ఇంటోళ్లే చెప్తరు. అవ్వ చెప్పింది మూడే: మెట్లు, బాత్రూము గడప, మధ్యల నల్లా దగ్గర పాకుడు పట్టిన బండ. సార్ గేటు తాళం అన్నడు. మేడం బోరు స్టార్టర్ డబ్బా అన్నది. ఐదు జాగలు అంతే, మూడు వందల వాట్లల ఒక్క వాటు కూడా ఈ ఐదింటి మీద సక్కగ పడుతలేదు.

మొదట చేసినవి

వానలు మొదలైనయి కాబట్టి ముందు పురుగుల పని పట్టినం. ఖర్చు తక్కువ, రేపే చేయొచ్చు అన్నది కారణం. ఫోకస్ లైట్లు అట్లనే ఉంచి 6500 తీసి 3000 కెల్విన్ వార్మ్ వైట్‌వి వేసినం, గేటు బల్బులు కూడా. పురుగులకు నీలం వైపు వెలుగు బాగ కనపడతది, తెల్ల ఎల్‌ఈడీల అది ఎక్కువ, పసుపు రంగుల తక్కువ. తేడా కనపడింది, రోజువారీ దోమలు, చిన్న రెక్కల పురుగులు తగ్గినయి. ఉసిళ్లు లేసిన రాత్రి మాత్రం పెద్ద ఫరక్ లేదు. ఎందుకంటే రంగు ఒక్కటే కాదు, లైటు ఎంత దూరం నుంచి కనపడుతున్నది అన్నది కూడా ఉంటది. 2024ల వచ్చిన ఒక పరిశోధన చెప్పేదేందంటే, పురుగు లైటును చూసి ఇష్టపడి రాదు, వెలుగు ఉన్న దిక్కును ఆకాశం అనుకొని అటు వీపు తిప్పుతది, దానితోని దారి తప్పి లైటు చుట్టే తిరుగుతది. అంటే బల్బు బయటికి కనపడకుంటే సగం గొడవ పోతది. అవ్వ దీనికి పాత ఉపాయం చెప్పింది, తొలకరి రాత్రి ఇంట్ల దీపాలన్నీ ఆర్పి, వాకిట్ల దూరంగ లాంతరు కింద తాంబాళంల నీళ్లు పెట్టెటోళ్లట, ఉసిళ్లు అందుల పడితే పొద్దుగాల వేయించుకునెటోళ్లు. ఇంట్లకు పురుగు రావద్దంటే తలుపు దగ్గర చీకటి, దూరంగ వెలుగు, ఇంతకంటే మంచి డిజైన్ నేను చెప్పలేను.

మేడంకు ఆ పసుపు వెలుగు అస్సలు నచ్చలేదు, పాత కరెంటు బుగ్గల కాలం లెక్క ఉన్నదని. ఇక్కడ ఒక మాట, 4000 పెట్టి మధ్యల రాజీ చేసుకోవచ్చు, నేను గేటు దగ్గర అట్ల చేస్తుంటా అప్పుడప్పుడు. వెనక వైపు, అవ్వ నడిచే జాగల మాత్రం ఒప్పుకోలేదు, రాత్రి నిద్ర మధ్యల లేసిన మనిషి కంటికి తెల్ల వెలుగు కొట్టినట్టే ఉంటది, మళ్ల నిద్ర కూడా తొందరగ పట్టదు.

రెండోది, వెనక మెట్ల దగ్గర సెన్సార్ లైటు. మనిషి వస్తే వెలుగుతది, పోతే ఆరిపోతది, కరెంటు మిగులుతది, పురుగు రాదు, కాగితం మీద ఇంతకంటే మంచిది లేదు. కొడుకు కూడా అదే పెట్టమన్నడు. అది అక్కడ నడవలేదు. వానకాలం గాలికి వేపకొమ్మ ఊగినప్పుడల్లా వెలిగేది, కుక్క పోతే వెలిగేది, పిల్లి పోతే వెలిగేది. అవ్వ పోతే మాత్రం ఒక్కోసారి వెలగకపోయేది. ఈ సెన్సారుకు కనపడేది వేడి కదలిక, అది కూడా దాని ముందట అడ్డంగ పోతే బాగ పట్టుకుంటది, నేరుగ దాని మీదికే మెల్లగ నడుసుకుంట వస్తే సరిగ పట్టుకోదు. అవ్వ నడక మెల్లగ, వచ్చేది నేరుగ. జాగ మార్చి పక్క గోడకు పెడితే జర నయమైంది గానీ, అవ్వ బాత్రూముల ఉన్నప్పుడు బయట టైమైపోయి ఆరిపోతే ఆమె లోపలనే నిలబడి సార్‌ను పిలిచేది. ఇంకా ఎండకాలం రాలేదప్పటికి. పాలమూరుల ఏప్రిల్, మే రాత్రి ఎనిమిదింటికి కూడా గోడ, బండ కాలుతనే ఉంటయి, వాటి వేడికి మనిషి ఒంటి వేడికి తేడా లేకుంటే సెన్సారు గుడ్డిదైతది. వేరే ఇండ్లల్ల అది చూసిన అనుభవం ఉన్నది, అందుకే ఎండకాలం దాకా ఆగకుండ వెనక వైపు సెన్సారు తీసేసి, తక్కువ వాట్ల లైట్లు రాత్రంతా వెలిగే పద్ధతికి పోయినం.

కొడుకు ఆన్‌లైన్‌ల సోలార్ లైట్లు తెప్పించిండు, డబ్బా మీద మూడు వందల వాట్లని ఉన్నది, ప్యానెల్ చూస్తే అరచేతి కంటే జర పెద్దది. వేప నీడకు చార్జింగు ఎక్కలేదు, రాత్రి పదింటికే ఆరిపోయేటియి. దాని గురించి ఇంతకంటే రాసేది లేదు.

బాట మీద నేలల పాతే లైట్లు కూడా కొడుకు కోరికనే. నేను వద్దన్న, కారణాలు చెప్పిన. కింది నుంచి పైకి కొట్టే లైటు అవ్వ కంటికే కొడతది. రెండోది నీళ్లు. పెట్టె మీద ఐపీ67 అని ఉంటది, అంటే మీటరు లోతు నీళ్లల్ల అరగంట ఉన్నా ఏం కాదని, అది నిజమే గానీ ఆ టెస్టు ఫిట్టింగుకు, మనం వేసే జాయింటుకు కాదు. భూమిల జాయింటుకు టేపు చుట్టి వదిలేస్తే నీళ్లు వైరు లోపలి పోగుల సందుల నుంచి పాకుకుంట ఫిట్టింగు లోపలికే పోతయి. ఒక షాపు ముందట అసొంటిది విప్పినప్పుడు చూసిన, గాజు లోపల చెమట పట్టినట్టు నీటి చుక్కలు, రాగి తీగ పచ్చగ మారింది.

మాడిపోయే లైట్ల ముచ్చట

ఈ ఇంట్ల లైట్లు ఐదారు నెలలకు ఒకటి పోతుండె. కంపెనీ మంచిది కాదని సార్ ప్రతిసారి వేరేది తెచ్చెటోడు. మీటరు పెడితే సందె వేళ 190 వోల్టులు, మోటర్లన్నీ బంద్ అయిన నడిరాత్రి 265 దాకా. స్తంభం దగ్గర సర్వీసు వైరు న్యూట్రల్ కూడా లూజు ఉండె, లైన్‌మన్‌ను పిలిపించి టైటు చేపిచ్చినం. మూడు ఫేజులకు కలిపి ఉన్న న్యూట్రల్ పూర్తిగ ఊడితే ఇంట్లకు 230 బదులు దాదాపు నాలుగు వందలు కూడా రావచ్చు, అప్పుడు లైట్లే కాదు ఫ్రిజ్జు, టీవీ అన్నీ పోతయి. ఇట్ల ఎక్కువసార్లు పోయేది ఎల్‌ఈడీ కాదు, లోపలి డ్రైవరు, అంటే కరెంటును ఎల్‌ఈడీకి తగ్గట్టు మార్చే ముక్క. కాబట్టి లైటు కొనేటప్పుడు వాట్లు చూసే ముందు ఆ పెట్టె మీద 100 నుంచి 300 వోల్టులు అని, సర్జ్ ప్రొటెక్షన్ (ఒక్కసారిగ ఎగిసే వోల్టేజీ నుంచి కాపాడేది) 4 కేవీ అని ఉన్నదా చూడాలె, మన పల్లె లైన్లకు ఇది అలంకారం కాదు. మెయిన్ బోర్డుల సర్జ్ ప్రొటెక్షన్ డివైసు ఒకటి పెట్టినం.

దీనికంటే భయపెట్టింది ఇంకోటి. బోర్డుల ఆర్‌సీసీబీ (కరెంటు కారితే లైనును ఆపే స్విచ్చు) ఉన్నది గానీ బయటి లైట్ల లైను దాన్ని తప్పించి డైరెక్టుగ కలిపి ఉన్నది. అంతకుముందు పనిచేసినాయన, వాన పడితే ట్రిప్ అయితుందని అట్ల ఇచ్చిండట. ట్రిప్ అయితున్నదంటే ఎక్కడనో కరెంటు కారుతున్నదని అర్థం, 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ పెట్టేది మనిషి పాణం కోసం. తడి బండ మీద చెప్పులు లేకుండ నడిచే ముసలవ్వ ఉన్న ఇంట్ల ఆ పని చేయొద్దు. మెగ్గర్ (వైరు ఇన్సులేషన్ చూసే మీటరు) పట్టి ఒక్కో లైను విడదీసి చూస్తే వెనక పిట్టగోడ మీద పైపు జాయింటుల, టేపు చుట్టిన ముడి దగ్గర దొరికింది. విప్పితే పైపుల నుంచి వాన నీళ్లు కారినయి, టేపు జిగురు కరిగి నల్లగ చేతికి అంటింది, ముడి పక్కన బల్లి గుడ్లు రెండు. దాన్ని కోసేసి గ్లాండులున్న జంక్షన్ బాక్సుల కొత్త జాయింటు వేసి, ఎర్తింగు గుంత మళ్ల తవ్వి, బయటి లైన్లన్నీ ఆర్‌సీసీబీ కిందికి తెచ్చినం. మా దిక్కు రాతి నేల, ఎండకాలం ఎర్తు గుంతల నీళ్లు పోయకుంటే ఉన్నా లేనట్టే.

కంది చేను

ఇది నా పని కాదనుకున్న ముచ్చట నా పనే అయింది. ఒకరోజు గోడ అవతల నుంచి రైతు నన్ను పిలిచి "ఏమన్నా, ఈ లైటు ఏమన్నా తగ్గిస్తున్నరా, రాత్రి కావలికి పోతే కండ్లల్లనే కొడుతున్నది" అని అడిగిండు. మాటల మధ్యల పోయిన ఏడు డిసెంబర్‌ల తీసిన ఫోటో ఒకటి ఫోనుల చూపించిండు, పంచాయితీల చూపించేందుకు తీసి పెట్టుకున్నడు. చేను అంతా కాయ పట్టి ముదురుతున్నది, గోడ పక్క మాత్రం పచ్చగ, కాయ లేకుండ. అయితే ఆ పచ్చదనం గోడ పొడుగూతా లేదు. మధ్యల ఒక జాగల, ఒక పట్టీ లెక్క, కాయ పట్టిన చెట్లు గోడ దాకా ఉన్నయి. నీళ్లు ఊరితే అట్ల పట్టీ వదిలేసి ఊరయి కదా.

రాత్రి లైటు వేసి పిట్టగోడ ఎక్కి చూసిన. వాటర్ ట్యాంకు నీడ సరిగ్గ ఆ పట్టీ మీదనే పడుతున్నది.

కంది పొద్దు తగ్గితే పూతకొచ్చే పంట. రాత్రి పొడుగు పెరిగితేనే దానికి పూత పెట్టాలె అని తెలుస్తది, రాత్రి మధ్యల వెలుగు పడితే ఆ లెక్క తప్పుతది, ఆకు మీదనే పెరుగుకుంట పోతది. పటాన్‌చెరువుల పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1972 నుంచి ఉన్నది, కందికి పొద్దుకు ఉన్న సంబంధం మీద అక్కడ చాలా పని చేసిండ్రు. చామంతి రైతులైతే పూత ఆపి పండుగ రేటుకు అందించేందుకు కావాల్ననే చేన్ల బల్బులు వేలాడదీస్తరు, కర్ణాటక దిక్కు పోతే రాత్రి తోటలు మెరుస్తుంటయి. ఇక్కడ ఆ పనే ఎవరికీ తెల్వకుండ జరిగింది.

అసలు చిక్కు ఇక్కడ వచ్చింది. మేము పురుగుల కోసం తెల్లది తీసి పసుపుది వేసినం, చెట్టు పూత లెక్కను చెడగొట్టేది ఎక్కువగా ఎరుపు వైపు వెలుగు, వార్మ్ వైట్ల అది తక్కువేం లేదు. పురుగుకు పనికొచ్చిన మందు కందికి పనికిరాదు. రంగు మార్చి రెండింటినీ గెలవలేము, వెలుగు అసలు గోడ దాటకుంటే తప్ప. సెప్టెంబర్ లోపలనే ఆ వంద వాట్లది కిందికి దించాల్నని నిర్ణయం అప్పుడే అయింది.

సార్‌కు చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మరి ఇన్ని రోజులు ఆయనతోని కొట్లాడినంగదా" అన్నడు. ఆ రాత్రి నుంచే వెనక లైటు వేయలేదు.

చివరికి పెట్టినవి

వెనక మెట్లకు పక్క గోడల అడుగు ఎత్తున, పైన మూత ఉన్న రెండు వాట్ల ఫుట్ లైట్లు, వెలుగు మెట్టు మీదనే పడతది, బల్బు ఏ దిక్కు నుంచీ కనపడదు. బాత్రూము బాట పొడుగున మోకాలి ఎత్తుల అసొంటివే మూడు వాట్లవి, రాత్రంతా. నల్లా దగ్గర పాకుడు బండను మేస్త్రీతోని చెక్కించి గరుకు చేపిచ్చినం, అది లైటు పని కాదు గానీ అది చేయకుంటే లైటు దండగ. ఇంకొకటి, మెట్ల అంచులకు రెండు వేళ్ల వెడల్పు పసుపు పెయింటు పట్టీ. పాలిష్ నాపరాయి మీద మెట్టు ఎక్కడ అయిపోతదో ఎంత లైటు పెట్టినా తెల్వది, అన్నీ ఒకే రంగు. పెయింటు డబ్బాకు వందల్ల ఖర్చు, ఈ మొత్తం పనిల అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది అదే అని నా నమ్మకం. "గడపకు పసుపు రాసినట్టున్నది బిడ్డా" అని అవ్వ సంతోషపడ్డది.

గేటుకు బుగ్గలు తీసేసి, పిల్లర్ లోపలి మొకానికి కిందికి కొట్టే ఐదు వాట్లవి రెండు. ఒకటి తాళం మీద పడతది, ఒకటి బయట నిలబడ్డ మనిషి మొకం మీద పక్క నుంచి పడతది. మేడం కోసం ఇక్కడ 4000. సెన్సారు ఇక్కడ పనికొచ్చింది, ఎందుకంటే రోడ్డు మీద మనుషులు అడ్డంగ నడుస్తరు, చెట్టు లేదు. వరండాల తలుపు నెత్తి మీద ఉన్న లైటు తీసి అవతలి మూలకు, సజ్జ కిందికి మార్చినం. సజ్జ కింద వాన కొట్టదు కాబట్టి ఐపీ44 చాలు, వాన నేరుగ తగిలే జాగల మాత్రం ఐపీ65. ప్రతి ఫిట్టింగుకు వైరు కింది నుంచే ఎక్కించినం, ఎక్కే ముందు వైరుకు కిందికి ఒక వంపు, కారిన నీళ్లు ఆ వంపు దగ్గరనే జారిపోతయి, లోపలికి పోవు.

ఫోకస్ లైట్లు మూడిట్ల రెండు తీసేసినం. ఒకటి వెనక ఉంచినం, నేలకు తిప్పి, గోడ దాటకుండ రేకు అడ్డం పెట్టి, దాని స్విచ్చు మాత్రం సార్ మంచం పక్కకు. సప్పుడు అయితే వేయాలె, చూడాలె, ఆపాలె. రాత్రంతా వెలిగే లైటుకు ఎవడూ జడవడు, చీకట్ల ఉన్నట్టుండి వెలిగిన లైటుకు జడుస్తడు. స్ట్రిప్‌కు టైమర్ పెట్టి రాత్రి పదింటికి బంద్.

ఫిట్టింగులకు పాత ఫోకస్ లైట్లకు పెట్టినంత కూడా కాలేదు. ఎక్కువైంది వైరింగుకు, గోడలు కోసి మళ్ల పూసినందుకు. ఇల్లు కట్టేటప్పుడే మోకాలి ఎత్తుల నాలుగు పాయింట్లు వదిలి ఉంటే ఇందుల సగం ఖర్చు ఉండకపోవు. ఇప్పుడు బయటి లైట్లకు నెలకు పదిహేను యూనిట్ల లోపలనే.

ఏడాది తర్వాత

అవ్వ మళ్ల తూలలేదు. మీటరు మెట్ల మీద ఇరవై దాకా చూపిస్తున్నది, చేను వైపు సున్నా. మరుసటి మిరుగంల ఉసిళ్లు లేసినయి, అవి లేవకుండ ఎవరూ ఆపలేరు, కానీ తలుపు దగ్గర కుప్పలు పడలేదు. పాము వరండాలకు రాలేదు, బస్తాలు, కట్టెలు తీసేసినందుకా కప్పలు తగ్గినందుకా అంటే రెండూ అనుకుంటా.

కంది ఆ ఏడు గోడ పక్క చాళ్లల్ల కూడా చేనుతోని సమానంగనే పూత పట్టింది. రైతు ఆ ఏడు విత్తనం మార్చిండు, వానలు కూడా వేరే తీరు పడ్డయి, అందుకని ఒక్క పంట చూసి నూటికి నూరు పాళ్లు లైటే అని నేను రాసియ్యను. నాకు ఎక్కువ నమ్మకం కలిగించింది ఆ ట్యాంకు నీడ. సెప్టిక్ ట్యాంకు పంచాయితీ మాత్రం అక్కడితోని బందైంది.

ఈ కేస్ తర్వాత నా పనిల మారింది ఏందంటే, చేను పక్క ఇల్లయితే అవతల ఏం పంట వేస్తరో అడుగుతా. కంది, సోయా, బంతి, చామంతి అయితే ఆ గోడకు లైటు మొకం పెట్టను. రెండోది, రంగు, వాట్లు అన్నవి చివరికి అడుగుతా, ముందు మనిషి ఎక్కడ అడుగు పెడతడు, బల్బు ఎవరి కంటికి కనపడతది అన్నది చూస్తా. ఇంట్ల ముసలోళ్లు ఉంటే వాళ్లు నడిచే బాటల వాళ్ల వెనకనే రాత్రిపూట నడుసుకుంట పోతా, సార్‌తోని మేడంతోని మాట్లాడితే దొరకని ముచ్చట్లు అక్కడ దొరుకుతయి.

ఒక్కటి ఇంకా సెట్ కాలేదు, గేటు కెమెరా. తెల్ల లైటు తగ్గించినంక రాత్రి అది ఐఆర్ (మన కంటికి కనపడని వెలుగు) మీద నడుస్తున్నది, బొమ్మ నలుపు తెలుపుల మంచిగనే వస్తది, కానీ సాలీడు లెన్స్ ముందటనే గూడు కడుతున్నది, ఐఆర్ వెలుగు ఆ దారం మీద పడి స్క్రీన్ సగం తెల్లగ అయితది. ఐఆర్ లైటును కెమెరాకు దూరంగ వేరే బ్రాకెట్ మీద పెట్టి చూద్దామనుకుంటున్నం. అప్పటిదాకా మేడం చీపురుకట్టతోని దులుపుతున్నది.